పక్కన ఎవరు?

(మాస్టారి సంస్మరణ సభలో చేసిన స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



మాస్టారు మాకు జంతుశాస్త్రం చెప్పారు. బీఎస్సీ పిల్లల్ని ఏటా ఒకసారి హైదరాబాదు జూ పార్కుకు తీసుకెళ్లేవారు. పూట గడిచేలోగా అన్నీ చూసెయ్యాలని మా ఉబలాటం. ఆయన మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో ఎన్‌క్లోజరు అప్పగించి, అక్కడే గంటసేపు నిలబడమనేవారు. నా వంతుకు కొండముచ్చులు వచ్చాయి. శాస్త్రీయనామం, బరువు, తిండి, తోక పొడవు అన్నీ శ్రద్ధగా రాసి ఇచ్చాను. మర్నాడు నోటుబుక్కు తిరిగొచ్చింది. మార్జిన్లో ఎర్రసిరాతో రెండే మాటలున్నాయి: "పక్కన ఎవరు?"

అర్థంకాక వెళ్లి అడిగాను. "తోక పొడవు పుస్తకంలో ఉంటుందోయ్. అది ఎవరి పక్కన కూర్చుంది, ఎవరొస్తే లేచి వెళ్లిపోయింది? ఆ గంటలో నువ్వు చూడాల్సింది అదీ" అన్నారు.

ఆ ప్రశ్ననే ఇవాళ నా ఉపన్యాసానికి తీసుకున్నాను. ఒక జూలో ఉన్న గొరిల్లాను ఇంకో జూకు పంపుతారు. ముక్కూమొహం తెలియని గుంపులో కలుపుతారు. ఎందుకు పంపుతారు, ఎలా కలుపుతారు, ఎక్కడ దెబ్బతింటారు? పంపడం తప్పా ఒప్పా అన్న తగాదాకు తీర్పు చెప్పడానికి నేను రాలేదు. పంపేటప్పుడు ఆ జంతువు దగ్గర్నుంచి మనం తీసేసుకునేది ఒకటుంది. దాన్ని తిరిగి ఇవ్వగలమా అన్నదే నా ప్రశ్న.

తపాలా బిళ్లల ఆల్బం

ఒకప్పుడు జూ అంటే తపాలా బిళ్లల ఆల్బం. జాతికొకటి ఉంటే చాలు, పుట నిండినట్టే. 1961లో అమెరికాలోని అట్లాంటా జూకు ఒక పిల్ల గొరిల్లా వచ్చింది. నగర మేయరు పేరు కలిసొచ్చేలా విల్లీ బి. అని పిలిచారు. వాడు 27 ఏళ్లపాటు ఒంటరిగా, నాలుగు గోడల మధ్య బతికాడు. కాలక్షేపానికి టైరు ఊయల, ఒక టీవీ. 1988లో మొదటిసారి మట్టి మీద, గడ్డి మీద కాలుపెట్టాడు. తర్వాత ఆడ గొరిల్లాల తోడు దొరికింది. 1994లో కూతురు పుట్టింది. 2000లో చనిపోయేనాటికి వాడికంటూ ఒక కుటుంబం ఉంది. తన జాతి మొహం చూడకుండా 27 ఏళ్లు గడిపినవాడు తండ్రి కాగలిగాడంటే ఆ జాతికి ఎంత ఓర్పు ఉందో చూడండి. ఆ ఓర్పును ఆసరా చేసుకుని మనం ఎన్నాళ్లు నెట్టుకొచ్చామో కూడా చూడండి.

మనకు దగ్గర్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. మైసూరు విహారయాత్రకు వెళ్లిన మనవాళ్లు చాలామంది పోలో అనే గొరిల్లాను చూసే ఉంటారు. 1995లో డబ్లిన్ జూ నుంచి వచ్చాడు. 2014లో కన్నుమూశాడు. దేశం మొత్తమ్మీద ఉన్న గొరిల్లా వాడొక్కడే. మాస్టారి ప్రశ్నకు వాడి విషయంలో జవాబు ఖాళీ గీత.

సరే, ఒంటరితనం తప్పు, నలుగురినీ ఒకచోట చేర్చేస్తే పోలేదా అంటారా? అదీ చేసి చూశారు. 1925లో లండన్ జూలో మంకీ హిల్ అని ఒక రాతిగుట్ట కట్టి, దానిమీద వందదాకా హమద్రయాస్ బబూన్లను వదిలారు. అన్నీ మగవే ఉండాలని అనుకున్నా ఏవో కొన్ని ఆడవి కలిసిపోయాయి. 1927లో ఇంకో 30 ఆడవాటిని తెచ్చి ఆ గుట్టమీదే దింపారు. మగవి వాటికోసం కొట్టుకున్నాయి. ఆ లాగులాటలో ఆడవే ఎక్కువగా నలిగి చచ్చిపోయాయి. నెల తిరక్కముందే కొత్తగా వచ్చినవాటిలో సగం పోయాయి. సాలీ జుకర్‌మన్ అనే యువశాస్త్రవేత్త అది గమనించి 1932లో పుస్తకం రాశారు. కోతుల సమాజానికి పునాది ఇదేననే అభిప్రాయం చాలాకాలం చెలామణీ అయింది.

1960లలో హాన్స్ కుమ్మర్ ఇథియోపియా వెళ్లి, అవే బబూన్లను వాటి సొంత నేలమీద చూశారు. ఒక్కో మగదాని వెంట కొన్ని ఆడవి, వాటి పిల్లలు. అలాంటి చిన్న కుటుంబాలు ఎన్నో కలిసి ఒకే కొండచరియ మీద నిద్రపోతాయి. ఒకదాని ఇంటిలోకి ఇంకొకటి జొరబడదు. లండన్ గుట్టమీద జరిగింది ఆ జాతి స్వభావం కాదు. ముందూవెనకా తెలియని జంతువుల్ని ఒక్కచోట కుమ్మరించారు, తప్పుకునే దారి ఉంచలేదు. గుట్ట చుట్టూ ఉన్నది కందకం. దాటి ఎక్కడికి పోతాయి?

పెళ్లిళ్ల పేరయ్య చిట్టా

1956 డిసెంబరులో అమెరికాలోని కొలంబస్ జూలో కోలో పుట్టింది. మనుషుల సంరక్షణలో పుట్టిన మొదటి గొరిల్లా అదే. అంతకుముందు జూలలో ఉన్నవన్నీ అడవినుంచి తెచ్చినవే. పిల్లను పట్టాలంటే అడ్డొచ్చిన తల్లిని, గుంపు పెద్దను చంపాలి. పేపర్లో పిల్ల బొమ్మ పడేది, ఆ చావుల సంగతి పడేది కాదు. 1975లో అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం అమల్లోకి వచ్చింది. అడవి దారి దాదాపు మూసుకుపోయింది. ఇక ఉన్నవాటితోనే సంతతి నిలబడాలి.

ఏ ఒక్క జూకూ అది సాధ్యం కాదు. ఒక మగది, మూడు ఆడవి ఉన్నచోట రెండు తరాలు తిరిగేసరికి అందరూ అన్నాచెల్లెళ్లే అవుతారు. అందుకని 1981లో అమెరికా జూలు, 1985లో ఐరోపా జూలు ఉమ్మడి పథకాలు మొదలుపెట్టాయి. ప్రతి జాతికీ స్టడ్‌బుక్ అనే వంశావళి పుస్తకం, దాన్ని చూసే సమన్వయకర్త. ఎవరి బిడ్డ ఎవరు, ఎక్కడ పుట్టింది, ఎక్కడికి వెళ్లింది, ఎప్పుడు పోయింది, అంతా అందులో ఉంటుంది. మన ఊళ్లలో పెళ్లిళ్ల పేరయ్య సంచిలో ఉండే చిట్టా లాంటిదే. తేడా ఒక్కటే, మనకు ముద్దైన మేనరికం ఈ పేరయ్య దగ్గర కుదరదు. మిగతా అందరితో ఎవరికి చుట్టరికం అతి తక్కువో వాళ్లకే మొదటి పిలుపు. అడవిలో పుట్టి ఇంకా పిల్లలు కలగని గొరిల్లా ఉందంటే చిట్టాలో దానికంటే విలువైనది లేదు. సాధారణంగా ఈ మార్పిడుల్లో జంతువుకు వెలకట్టి అమ్ముకోవడం ఉండదు. పేరయ్య సిఫారసు చేస్తే ఒక జూ పంపుతుంది, ఇంకో జూ అందుకుంటుంది.

ఈ చిట్టాను నేను తక్కువ చెయ్యను. అది లేకపోతే గొరిల్లాలు ఈపాటికి మేనరికాల మధ్య చితికిపోయేవి, లేదా మళ్లీ అడవి మీద పడేవాళ్లం. కాకపోతే ఆ చిట్టాలో రక్తసంబంధం రాసుకోవడానికి గడి ఉంది. పక్కన ఎవరు కూర్చుంటారో రాసుకోవడానికి లేదు.

ఆ లోటు టిమ్మీ విషయంలో కోర్టుదాకా వెళ్లింది. టిమ్మీ ఆఫ్రికా అడవిలో పుట్టి, 1966 నుంచి అమెరికాలోని క్లీవ్‌లాండ్ జూలో ఉన్న మగ గొరిల్లా. ఏళ్లతరబడి ఒంటరిగా గడిపాక కేట్ అనే ఆడ గొరిల్లాతో స్నేహం కుదిరింది. ఇద్దరూ విడవకుండా తిరిగేవారు. కేట్‌కు పిల్లలు పుట్టే అవకాశం లేదని తేలింది. చిట్టా ప్రకారం టిమ్మీ వెలలేని మగాడు. 1991లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూకు పంపాలన్నారు. ఊరు రెండుగా చీలింది. జంతుప్రేమికులు కోర్టుకెక్కారు, ఓడిపోయారు. టిమ్మీ వెళ్లాడు.

అక్కడ 13 మంది పిల్లలకు తండ్రయ్యాడు. 2004లో లూయీవిల్ జూకు మారి, 2011లో 52వ ఏట పోయాడు. పంపడమే మంచిదైందని వాదించేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? అయితే క్లీవ్‌లాండ్‌లో మిగిలిన కేట్‌ను ఇంకో మగదానితో జతచేస్తే పొసగలేదు. దాని చేతిలో గాయపడింది. టిమ్మీ లెక్క సరిపోయింది. కేట్ లెక్క ఎవరి పద్దులో రాయాలి? మాస్టారైతే ఆ ఫైలు మార్జిన్లో ఎర్రసిరా వాడేవారు.

ఇల్లరికం

గొరిల్లాలు అడవిలో ఒకేచోట పుట్టి ఒకేచోట చస్తాయని కాదు. అవీ మారతాయి. ఒక గుంపులో సాధారణంగా వీపు నెరిసిన పెద్దమగ ఒకటి ఉంటుంది, సిల్వర్‌బ్యాక్ అంటారు. కొన్ని ఆడవి, పిల్లలు. ఈడొచ్చిన మగవి బయటికి పోయి ఒంటరిగా తిరుగుతాయి. ఆడవి కూడా పుట్టిన గుంపు వదిలేస్తాయి. ఎప్పుడు? రెండు గుంపులు ఎదురుపడ్డ రోజున, పెద్దమగలు గుండెలు బాదుకుంటూ ఒకదాన్నొకటి బెదిరించుకుంటుండగా, ఒక ఆడది ఈ గుంపు వదిలి ఆ గుంపులోకి నడిచి వెళ్లిపోతుంది. అక్కడ నచ్చకపోతే మరో రోజు ఇంకో గుంపులోకి. పెద్దమగ పోతే ఆడవి చెల్లాచెదురై తమకు నచ్చిన మగవాణ్ని వెతుక్కుంటాయి. కాబట్టి ఇల్లు మారడం దానికి కొత్త కాదు. అడవిలో అది ఎవరో పంపితే వెళ్లదు. నచ్చకపోతే ఆగదు కూడా.

అన్ని జాతులదీ ఒకే పద్ధతి కాదు. చింపాంజీల్లో కొడుకులు పుట్టింట్లోనే ఉంటారు, కూతుళ్లు బయటికి వెళ్తారు. మన పడమటి కనుమల్లో మాత్రమే ఉండే సింగళీకాల్లో, మామూలు కోతుల్లో, కూతుళ్లు తల్లి పక్కనే ఉండిపోతారు, కొడుకులు వెళ్తారు. ఎవరిని పంపాలో జాతి ఆచారం చూడకుండా తేలిస్తే, ఇంట్లోంచి ఎన్నడూ కదలని దాన్ని లాగి పరాయి వాకిట్లో నిలబెట్టినట్టే.

జూలలో గొరిల్లాల పెద్దమగ పోయినప్పుడు సాధారణంగా జరిగేది మనం ఇల్లరికం అనే ఏర్పాటు. ఆడవి ఉన్నచోటే ఉంటాయి, కొత్త అల్లుణ్ని తెస్తారు. లండన్ జూ కథ వినండి. అక్కడ జైర్, ఎఫీ, ముజుకూ అని మూడు ఆడ గొరిల్లాలు. వాటి పెద్ద బాబీ 2008 డిసెంబరులో పోయాడు. 2009 చివర్లో ఫ్రాన్స్ నుంచి యెబోవా వచ్చాడు. మూడు ఆడవాటితో బాగా కుదిరింది. కొద్దినెలలకే, 2010 మార్చిలో, జబ్బుచేసి చనిపోయాడు. అప్పటికే ముజుకూ కడుపుతో ఉంది. గొరిల్లా ఎనిమిదిన్నర నెలలు మోస్తుంది. ఆగస్టులో డబ్లిన్ నుంచి కెషో అనే పడుచు మగవాణ్ని తెచ్చారు. అక్టోబరులో యెబోవా బిడ్డ పుట్టింది. టైనీ అని పిలిచారు.

ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. అడవిలోనూ కొత్తగా వచ్చిన మగవి పాత మగదాని పసిబిడ్డను చంపిన సందర్భాలున్నాయి. తల్లి మూడు నాలుగేళ్లు పాలు ఇస్తుంది, అంతకాలం మళ్లీ కడుపు రాదు; బిడ్డ లేకపోతే వస్తుంది. ఈ సంగతి కీపర్లకు తెలుసు. నెలల తరబడి ఆగి, జాగ్రత్తగా పరిచయం మొదలుపెట్టారు. అయినా 2011 మేలో జరిగిన గొడవలో టైనీ చెయ్యి విరిగింది. శస్త్రచికిత్స చేస్తుండగా చనిపోయింది. దానికి ఏడు నెలలు కూడా నిండలేదు.

కెషోను రాక్షసుడనుకుంటాం. వాడి కథ అక్కడ ఆగలేదు. వాడికి పిల్లల్ని కనే శక్తి లేదని పరీక్షల్లో తేలింది. 2012లో ఇంగ్లండులోనే లాంగ్‌లీట్ సఫారీ పార్కుకు, మగవాళ్ల గుంపులోకి పంపారు. డబ్లిన్‌లో వాడితో కలిసి పెరిగిన తమ్ముడు ఆల్ఫ్‌ను కూడా అక్కడికే తెచ్చారు. వాళ్లు విడిపోయేనాటికి ఆల్ఫ్ చిన్నవాడు, కెషో వీపింకా పూర్తిగా నెరవలేదు. గుర్తుపడతారో లేదోనని కీపర్లకు సందేహం. మొదట కమ్మీల మధ్యనుంచి చేతులు చాచి తాకి చూసుకున్నారు. తలుపు తీశాక ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని, కావలించుకుని, కుస్తీలు పట్టారు. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి.

లండన్‌లో బిడ్డ చావుకు కారణమైంది, లాంగ్‌లీట్‌లో తమ్ముణ్ని వాటేసుకుంది ఒకే గొరిల్లా. మధ్యలో మారిందల్లా పక్కనున్నవాళ్లు.

లండన్ గుంపు సంగతీ ముగించాలి కదా. 2013లో పైంటన్ జూ నుంచి కుంబుకా వచ్చాడు, ముజుకూకు, ఎఫీకి బిడ్డలు కలిగారు. 2018లో వాడూ పోయాడు. 2022 నవంబరులో టెనెరిఫె దీవి నుంచి కిబురి వచ్చాడు. 2024 జనవరిలో ముజుకూకు, ఫిబ్రవరిలో ఎఫీకి మళ్లీ పిల్లలు పుట్టారు. బాబీ తర్వాత ఆ వాకిట్లోకి నలుగురు అల్లుళ్లొచ్చారు. నలుగురిలో ఒక్కణ్ని కూడా ఆ ఆడవి ఎంచుకోలేదు.

వద్దనే దారి

మొదట్లో అన్నాను కదా, పంపేటప్పుడు దాని దగ్గర్నుంచి ఒకటి తీసేసుకుంటున్నామని. అది ఈ ఎంపికే. ఇంకా సూటిగా చెబితే, వద్దనగలగడం. మనింట్లో అప్పగింతల వేళ అమ్మాయి ఎంత ఏడ్చినా, ఆషాఢమాసానికి పుట్టింటికి వస్తుందన్న ధైర్యం ఉంటుంది. పెట్టెలో ఎక్కి విమానం దిగిన గొరిల్లాకు ఆషాఢం లేదు.

మంచి కీపర్లు చేసే పనంతా చూస్తే, ఆ వద్దనే దారిని గోడల మధ్య మళ్లీ కట్టడమే. ప్రయాణానికి చాలా ముందే పెట్టెను దాని గదిలో పెడతారు. పండ్లు పెడతారు, తలుపు తెరిచే ఉంచుతారు. అది తనంతట తాను లోపలికి వెళ్లి, తనంతట తాను బయటికి వచ్చేదాకా రోజూ అదే పని. మత్తుమందిచ్చి పెట్టెలో పడెయ్యడం తేలికే. కానీ తెలివొచ్చేసరికి లోకమే మారిపోయి ఉంటుంది. క్షయ పరీక్ష, గుండె పరీక్ష అయ్యాక ప్రయాణం. తెలిసిన కీపరు కూడా వెళ్లి, కొత్తచోట కొన్నాళ్లు ఉంటాడు. కొత్త ఊళ్లో తెలిసిన మొహం అదొక్కటే.

అక్కడ మొదట వాసన, చప్పుడు. ఆ తర్వాత కమ్మీల అవతలినుంచి చూపు. అచ్చంగా పెళ్లిచూపులే, కాకపోతే ఇవి వారాలు, ఒక్కోసారి నెలలు సాగుతాయి. ఆడది కమ్మీల దగ్గరికి తనే వస్తోందా, మగది వస్తే వెనక్కి పోతోందా, కీపరు పక్కన కూర్చుని రాసుకుంటాడు. ఆ తర్వాత తలుపు తీస్తారు. మొదట ఒక్క ఆడదానితో, అదీ నిదానస్తురాలితో. మిగతావి ఒక్కొక్కటిగా. చంటిబిడ్డ తల్లి అందరికంటే చివర. గదికి రెండు తలుపులుండాలి, ఎక్కడా మూల చిక్కకూడదు. ఆడవి, పిల్లలు దూరగలిగి పెద్దమగ భుజాలు పట్టని చిన్న కంతలుండాలి. గడ్డి, కొమ్మలు, గింజలు అంతటా చల్లుతారు, చేతికి పనుంటే చూపు కాస్త చల్లబడుతుంది. నీళ్ల గొట్టాలు పట్టుకుని మనుషులు సిద్ధంగా ఉంటారు. మగది మీదికొస్తే ఆడవి ఒక్కటై అరుస్తూ తిరగబడతాయి. చూసేవాళ్లకు గుండె ఝల్లుమంటుంది. అనుభవమున్న కీపరు అప్పుడు వెంటనే తలుపు వెయ్యడు. ఆడవి వద్దంటున్నాయి, వాడు వింటున్నాడా లేదా అని చూస్తాడు. విని తగ్గినవాడే ఆ ఇంట నిలుస్తాడు.

మంకీ హిల్ మీద లేనిదల్లా ఈ రెండో తలుపే.

యాస మారడానికి ఎన్నాళ్లు?

కలపడం ఒక రోజు పని కాదనడానికి ఎడిన్‌బరో చింపాంజీలు నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. 2010లో నెదర్లాండ్స్‌లోని బేక్సె బెర్గెన్ సఫారీ పార్కు నుంచి తొమ్మిది చింపాంజీలను తెచ్చి, ఎడిన్‌బరో జూలో అప్పటికే ఉన్న గుంపుతో కలిపారు. యాపిల్ కనబడితే డచ్చి చింపాంజీలు సన్నని, హెచ్చు గొంతుతో కూసేవి. ఎడిన్‌బరోవి మంద్రంగా గుర్రుమనేవి. పరిశోధకులు విడతలవారీగా రికార్డు చేశారు. 2011లో, ఒకే ఇంట్లో ఏడాది గడిచాక కూడా, ఎవరి కూత వారిదే. స్నేహాలు కూడా ఇంకా కుదరలేదు. 2013 నాటికి రెండు గుంపుల మధ్య స్నేహాలు గట్టిపడ్డాయి, డచ్చివాళ్ల కూత మంద్రంలోకి దిగింది. 2015లో అది అచ్చయ్యాక లెక్కల మీద ఇతర శాస్త్రవేత్తలు అభ్యంతరాలు లేవదీశారు, ఆ చర్చ న్యాయమైనదే. కానీ శ్రీకాకుళం నుంచి కరీంనగర్ కోడలిగా వెళ్లిన ఆడపిల్ల మాట ఎప్పుడు మారుతుందో మీకు తెలుసు. అడుగుపెట్టిన ఏడాది మారదు. పక్కింటామెతో అరుగుమీద కూర్చునే చనువొచ్చాకే మారుతుంది.

కలిపేశాం అని కాగితం మీద రాసుకునే తేదీకి, నిజంగా కలిసిన తేదీకి మధ్య ఇంత దూరం ఉంటుంది.

మన వాకిలి

ఇదంతా పరాయి దేశాల గొడవ అనుకోవద్దు. 2021లో మైసూరు జూకు జర్మనీ నుంచి థాబో, డెంబా అనే రెండు మగ గొరిల్లాలు వచ్చాయి. పోలో పోయిన ఏడేళ్లకు ఈ దేశంలో మళ్లీ గొరిల్లాలు, ఈసారి ఒకటి కాదు రెండు. ఎందుకు రెండూ మగవి? గొరిల్లాలకు ఆడబిడ్డలెందరో మగబిడ్డలూ దాదాపు అందరే పుడతారు. గుంపుకు కావలసిన పెద్దమగ ఒక్కడే. మిగిలిన కొడుకులు ఎక్కడికి పోవాలి? అందుకే మగవాళ్ల గుంపులు. చిన్ననాటినుంచి ఎరిగినవాళ్లైతే, దగ్గర్లో ఆడవాసన లేకపోతే, అవి చాలాకాలం సఖ్యంగా ఉంటాయి.

మన దేశంలో 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. దాని ముందస్తు అనుమతి లేకుండా గుర్తింపు పొందిన జూలు జంతువుల్ని ఇచ్చిపుచ్చుకోకూడదని వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతుంది. హైదరాబాదు, విశాఖపట్నం, తిరుపతి జూలకు ఒక జత వస్తోందనో, ఒక జత వెళ్తోందనో పేపర్లో చదువుతుంటాం. "జత" అనే మాట చదివినప్పుడల్లా నాకు ఎర్రసిరా గుర్తొస్తుంది. ఒక మగ, ఒక ఆడ అయితే జత అయిపోతుందా? కోతుల్లో, కొండముచ్చుల్లో, సింగళీకాల్లో జత అనేది లేదు. ఉండేది తల్లులు, కూతుళ్లు, పిన్నమ్మలు, వచ్చిపోయే మగవాళ్లు. అందులోంచి రెండింటిని తీసి జత అంటే, మిగిలిన గుంపులో తెగినదేమిటో ఎవరు రాస్తారు?

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. అనుమతి దరఖాస్తుతోపాటు ఆ జంతువును రోజూ చూసే కీపరు చేతిరాతతో ఒక పుట జతచెయ్యాలి. ఎవరి పక్కన నిద్రపోతుంది, ఎవరొస్తే లేచిపోతుంది, అది వెళ్లిపోతే వెతుక్కునేది ఎవరు. ఆ పుట రాయగలిగేది పేరయ్య కాదు, డాక్టరు కాదు, నేనూ కాదు. ఇరవయ్యేళ్లుగా ఆ తలుపు తీసి వేసేవాడు. వాడి మాటకు సంతకం విలువ ఇద్దాం.

నా పాత నోటుబుక్కు ఇవాళ తెచ్చాను. ఎర్రసిరా వెలిసి గోధుమరంగైంది. ఆ వ్యాఖ్య వచ్చిన వారానికి, సెలవురోజున, సొంత డబ్బులతో బస్సెక్కి మళ్లీ అదే ఎన్‌క్లోజరు ముందు నిలబడ్డాను. ఈసారి తోకలు కొలవలేదు. చెవి చిరిగిన ఒక ముసలి ఆడది కూర్చుంటే, ఒక పిల్లతల్లి వచ్చి వీపు ఆనించింది. ముసలిది పక్కకు జరిగితే తల్లీ జరిగింది. గంటలో నాలుగుసార్లు. రాసుకెళ్లి చూపిస్తే మాస్టారు చదివి, ఏమీ దిద్దకుండా, "వచ్చే వారం కూడా వెళ్లు, ఆ ముసలిది లేనప్పుడు ఇది ఏం చేస్తుందో చూడు" అన్నారు.

మీలో జంతుశాస్త్రం చదివే పిల్లలకు ఆ పనే అప్పగించి సెలవు తీసుకుంటాను.